డబ్బు దూరం నుంచి వచ్చింది, దారి పొరుగువాడి చేతిలో ఉంది

2021 అక్టోబరు 7న భారత్ పాకిస్థాన్‌ను ఒక దారి అడిగింది. అఫ్గానిస్థాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఉచితంగా ఇస్తాం, వాఘా మీదుగా పోనివ్వండి అన్నది ఆ ప్రతిపాదన. పాకిస్థాన్ ఒప్పుకున్నది నవంబరు 24న. మొదటి 2,500 టన్నులు అట్టారీ దాటింది 2022 ఫిబ్రవరి 22న. ఈ నాలుగున్నర నెలల్లో గోధుమల నాణ్యత మీద, పరిమాణం మీద పేచీ రాలేదు. లారీలు ఎవరివన్నదే ప్రధానమైన చిక్కు. భారత లారీలు పాకిస్థాన్ రోడ్ల మీద నడవడానికి ఆ దేశం ఇష్టపడదు. పాకిస్థాన్ లారీల్లో పంపడానికి భారత్ ఇష్టపడదు. చివరికి అఫ్గాన్ లారీలే 50 అట్టారీ దాకా వచ్చి, బస్తాలు ఎక్కించుకుని, పాకిస్థాన్–అఫ్గాన్ సరిహద్దు గేటు టోర్ఖమ్ మీదుగా జలాలాబాద్ చేరాయి. సరుకును ప్రపంచ ఆహార కార్యక్రమానికి అప్పగించారు. ఆ చలికాలంలో అఫ్గానిస్థాన్ జనాభాలో సగానికి పైగా తిండికి కటకటలాడుతున్నారు.

అఫ్గాన్ శాంతికి అంతర్జాతీయ మద్దతు అనగానే సదస్సులు, నిధులు, తీర్మానాలు గుర్తొస్తాయి. వాటికి కొరత రాలేదు. చుట్టూ ఆరు దేశాలు, సముద్రానికి దారి లేని నేల అయిన ఆ దేశానికి పొరుగువాళ్ల నుంచి కావలసింది మాత్రం వేరు: లారీ దాటే గేటు, కరెంటు తీగ, నీటి లెక్క. ఇవి డాలర్లు పోసినంత మాత్రాన రావు. ఇవ్వకపోతే పొరుగువాడికి పోయేదేమిటన్న దాని మీద ఆధారపడతాయి. 2001 తర్వాతి పాతికేళ్ల కథలో గెలుపోటములు ఎక్కువగా ఈ మూడు విషయాల దగ్గరే తేలాయి.

ముందు డబ్బు సంగతి. తాలిబాన్ తొలి పాలన కూలాక కొత్త ప్రభుత్వ ఏర్పాటుకు కుదిరిన 2001 డిసెంబరు బాన్ ఒప్పందం తర్వాత, 2002 జనవరిలో టోక్యోలో దాతలు సుమారు 450 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. 2012లో మళ్లీ టోక్యోలోనే, నాలుగేళ్లకు 1,600 కోట్ల డాలర్లు అన్నారు. 2016లో బ్రస్సెల్స్‌లో 1,520 కోట్లు. ఈ అంకెలను చదవడంలో ఒక జాగ్రత్త అవసరం. సదస్సులో ప్రకటించినది హామీ, ఖర్చయినది వేరు. పైగా పెద్ద భాగం అఫ్గాన్ బడ్జెట్‌లోకి రాకుండా దాతల సొంత కాంట్రాక్టర్ల ద్వారా ఖర్చయ్యేది. కనీసం సగమైనా ప్రభుత్వ ఖజానా గుండా పంపుతామని 2010 కాబూల్ సదస్సులో, 2012 టోక్యోలో మాట ఇవ్వవలసి వచ్చిందంటే, అప్పటిదాకా ఎలా నడిచిందో ఊహించుకోవచ్చు.

ఖజానా గుండా వెళ్లిన డబ్బు మటుకు చాలావరకు పద్ధతిగానే నడిచింది. 2002లో ప్రపంచ బ్యాంకు నిర్వహణలో మొదలైన అఫ్గాన్ పునర్నిర్మాణ ట్రస్టు నిధి అందుకు ఉదాహరణ. ప్రభుత్వం ముందు టీచర్ల జీతాలు చెల్లించాలి, బిల్లులు సమర్పించాలి. బయటి తనిఖీ సంస్థ వాటిని పరిశీలించి అర్హమైనవని తేల్చిన మేరకే నిధి నుంచి తిరిగి చెల్లింపు. నెమ్మదైన పద్ధతే, కానీ ఏ రూపాయికి ఏ కాగితమో తెలిసేది. లోపం నిధి నడిచిన తీరులో కాదు, బయటి సొమ్ము మీద అతిగా ఆధారపడటంలో ఉంది. 2021 నాటికి ప్రభుత్వ ఖర్చులో సుమారు నాలుగింట మూడు వంతులు విదేశీ సాయమే. ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతికి వెళ్లింది. ఆ నెలలోనే చెల్లింపులు ఆగాయి.

పొరుగు దేశాల వైపు చూస్తే కాగితాలకు లోటు లేదు. 2002 డిసెంబరు 22న ఆరు పొరుగు దేశాలూ కాబూల్ ప్రకటన మీద సంతకం చేశాయి. ఒకరి అంతర్గత వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోబోమని, సత్సంబంధాలు నెరపుతామని. అందులో కొలవదగిన అంశం ఒక్కటీ లేదు. ఎవరు ఎప్పుడు ఉల్లంఘించారో తేల్చే యంత్రాంగమూ లేదు. 2011 నవంబరులో ఇస్తాంబుల్‌లో మొదలైన ‘హార్ట్ ఆఫ్ ఏషియా’ ప్రక్రియ కాస్త ముందుకు వెళ్లింది. 15 సభ్య దేశాలు, వెనకనుంచి మద్దతిచ్చే పాశ్చాత్య దేశాలు, సంస్థలు. విపత్తు నిర్వహణ, ఉగ్రవాద నిరోధం, మాదక ద్రవ్యాల నిరోధం, వాణిజ్యం, మౌలిక వసతులు, విద్య అని ఆరు రంగాలు విడదీసుకుని, ఒక్కో రంగానికి కొన్ని దేశాలు ముందుండి నడపాలని 2012లో నిర్ణయించారు. అయితే దానికి శాశ్వత కార్యాలయం లేదు, సొంత నిధి లేదు. ఏటా ఒక సదస్సు, ఒక ఉమ్మడి ప్రకటన. 2016 డిసెంబరులో అమృత్‌సర్ సదస్సులో అప్పటి అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ, పాకిస్థాన్ ప్రకటించిన 50 కోట్ల డాలర్ల సాయాన్ని వేదిక మీదే కాదన్నారు. ఆ సొమ్మును పాకిస్థాన్ తన గడ్డ మీద ఉగ్రవాదాన్ని అదుపు చేయడానికి వాడుకోవచ్చని ఆ దేశ ప్రతినిధి ఎదుటే అన్నారు. సాయం వద్దనడం దౌత్యంలో అరుదు. తమకు పొరుగు నుంచి కావలసినది సొమ్ము కాదని అంత సూటిగా చెప్పిన సందర్భం మరొకటి కనబడదు. ఆ ప్రక్రియ చివరి మంత్రుల సమావేశం 2021 మార్చిలో దుషాంబేలో జరిగింది.

ఇక దారి. అఫ్గాన్ దిగుమతులకు దశాబ్దాలపాటు ప్రధాన రేవు కరాచీ. 1965 ఒప్పందం స్థానంలో 2010లో కొత్త రవాణా ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం అఫ్గాన్ లారీలు సరుకుతో వాఘా దాకా రావచ్చు. తిరుగు ప్రయాణంలో భారత సరుకు ఎక్కించుకోకూడదు. అంటే ఒక వైపు ఖాళీ లారీ, రెండు వైపులా డీజిల్ ఖర్చు. కాందహార్ దానిమ్మ ధరలో ఈ ఖాళీ ప్రయాణం కూడా కలిసే ఉండేది.

పాకిస్థాన్ వైపు వాదన పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. రేవులో సుంకం లేకుండా దిగిన టీవీలు, టైర్లు, బట్టలు సరిహద్దు దాటినట్టు చూపించి, దొంగదారిన మళ్లీ పాకిస్థాన్ బజార్లకే వచ్చేస్తాయి. అందుకే కంటైనర్‌కు సీలు, ట్రాకర్. కట్టవలసిన సుంకానికి సమానమైన హామీ. ఈ హామీ ఏ రూపంలో ఉండాలన్న చిన్న నిబంధనే వ్యాపారిని నిలబెడుతుంది లేదా ముంచుతుంది. బీమా కంపెనీ ఇచ్చే హామీకి కొద్దిపాటి ప్రీమియం చాలు. 2023 అక్టోబరులో పాకిస్థాన్ దాన్ని బ్యాంకు గ్యారంటీగా మార్చింది, పలు వస్తువుల మీద 10 శాతం ప్రాసెసింగ్ రుసుమూ వేసింది. బ్యాంకు గ్యారంటీ అంటే సొమ్మో ఆస్తో తాకట్టు పెట్టాలి. అఫ్గాన్ బ్యాంకులకు విదేశీ బ్యాంకులతో లావాదేవీలే సరిగా లేని రోజుల్లో, అది తెచ్చుకోగలిగేది కొద్దిమంది పెద్ద వ్యాపారులే.

గేటు మూసివేత ఇంకా మొరటు ఆయుధం. 2023 సెప్టెంబరులో టోర్ఖమ్ తొమ్మిది రోజులు మూతపడింది. 2025లో ఫిబ్రవరి నెలాఖరు నుంచి మార్చి మూడో వారం దాకా. అదే ఏడాది అక్టోబరులో రెండు సైన్యాల ఘర్షణ తర్వాత అన్ని దారులూ వాణిజ్యానికి మూసుకుపోయాయి. ఖతార్, తుర్కియే మధ్యవర్తిత్వంతో దోహాలో కాల్పుల విరమణ కుదిరినా గేట్లు వెంటనే తెరుచుకోలేదు. ద్రాక్ష, దానిమ్మ కోతకొచ్చేది సరిగ్గా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. లారీలో నిలిచిన పండు కొద్ది రోజుల్లో కుళ్లుతుంది. రేవులో ఆగిన కంటైనర్ మీద రోజులు గడిచేకొద్దీ రేవు ఒక అద్దె, నౌకా సంస్థ మరో అద్దె వసూలు చేస్తాయి. సరుకు విలువను మించిపోయాక వ్యాపారి కంటైనర్‌ను వదిలేసుకున్నా ఆశ్చర్యం లేదు. మూసినవాడికీ నష్టమే. పాకిస్థాన్ సిమెంటుకు, మందులకు, కిన్నో నారింజలకు అఫ్గానిస్థాన్ దగ్గరి మార్కెట్. 2025 నవంబరులో తాలిబాన్ ఉపప్రధాని బరాదర్ తమ వ్యాపారులకు గడువు పెట్టారు: పాకిస్థాన్ మందులు మానండి, మూడు నెలల్లో లెక్కలు తేల్చుకోండి అని. గేటును ఆయుధం చేసుకుంటే దాని పదును తగ్గిపోయేది ఇలాగే. అవతలివాడు వేరే గేటు వెతుక్కుంటాడు.

ఆ వేరే గేట్లలో మొదటిది ఇరాన్‌లోని చాబహార్. భారత్ 2009 నాటికే జరంజ్ నుంచి దెలారం దాకా 218 కిలోమీటర్ల రోడ్డు వేసి అప్పగించింది. ఇరాన్ సరిహద్దును అఫ్గాన్ ప్రధాన రహదారి వలయంతో కలిపేది అదే. 2016 మేలో మూడు దేశాల ఒప్పందం, 2017 అక్టోబరులో కాండ్లా నుంచి మొదటి గోధుమల ఓడ, 2018 డిసెంబరులో రేవు నిర్వహణ భారత సంస్థ చేతికి, 2024లో పదేళ్ల ఒప్పందం. రేవు పొరుగువాడి గేటును తప్పించింది కానీ వాషింగ్టన్ నీడలోకి తెచ్చింది. ఇరాన్ ఆంక్షల నుంచి చాబహార్‌కు 2018లో అమెరికా మినహాయింపు ఇచ్చింది. అయినా క్రేన్లు అమ్మేవాళ్లు, డబ్బు పంపే బ్యాంకులు జంకాయి. మినహాయింపు కాగితం ఉన్నంత మాత్రాన బ్యాంకు న్యాయ విభాగానికి ధైర్యం రాదు. 2025 సెప్టెంబరు చివర అమెరికా ఆ మినహాయింపును రద్దు చేసి, నెల తిరక్కుండానే ఆరు నెలలకు మళ్లీ ఇచ్చింది. ఆరు నెలల భరోసా మీద ఎవరూ రైలు మార్గం వేయరు.

రైలు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఉజ్బెకిస్థాన్ వైపు పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, ఇరాన్‌లో 1,435, పాకిస్థాన్‌లో 1,676. ఉజ్బెక్ సరిహద్దులోని హైరతాన్ నుంచి మజార్-ఎ-షరీఫ్ దాకా 75 కిలోమీటర్ల లైను మొదటి కొలతలో ఉంది, ఇరాన్‌లోని ఖాఫ్ నుంచి హెరాత్ వైపు వచ్చే లైను రెండో కొలతలో. ఎన్ని సదస్సులు పెట్టినా అఫ్గానిస్థాన్‌లో ఎక్కడో ఒకచోట సరుకు దించి ఎక్కించక తప్పదు. అది ఎక్కడన్నది ఇప్పటికీ తేలలేదు.

విద్యుత్ విషయంలో కథ కాస్త మెరుగు. దేశంలో వాడే కరెంటులో సుమారు నాలుగింట మూడు వంతులు ఉజ్బెకిస్థాన్, తజికిస్థాన్, తుర్క్‌మెనిస్థాన్, ఇరాన్‌ల నుంచి వస్తుంది. పుల్-ఎ-ఖుమ్రీ నుంచి హిందూకుష్ కొండలు దాటించి కాబూల్‌కు 220 కేవీ లైను వేసింది భారత్. దాని గుండా 2009 నుంచి ఉజ్బెక్ కరెంటు రాజధానికి చేరింది. మధ్య ఆసియాలో పుట్టిన కరెంటు, భారత్ వేసిన తీగ, అటూ ఇటూ ఇతర దాతల సొమ్ము: ప్రాంతీయ సహకారమన్న మాటకు ఇంతకంటే నికరమైన నిదర్శనం దొరకదు.

లోపం వేరే చోట ఉంది. ఈ నాలుగు దేశాల గ్రిడ్లన్నీ (విద్యుత్ సరఫరా వ్యవస్థలు) ఒకే లయలో నడవవు. రెండు గ్రిడ్లను నేరుగా కలపాలంటే ఫ్రీక్వెన్సీ, ఫేజు క్షణక్షణం సరిపోవాలి. లేకుంటే పరికరాలు ట్రిప్ అవుతాయి, కాలిపోనూవచ్చు. అందువల్ల అఫ్గాన్ గ్రిడ్ ముక్కలుగా బతుకుతోంది. హెరాత్‌కు ఇరాన్, తుర్క్‌మెన్ కరెంటు, కుందూజ్‌కు తజిక్, కాబూల్, మజార్‌లకు ఉజ్బెక్. 2016 జనవరిలో బగ్లాన్‌లో పోరు మధ్య టవర్లు కూలినప్పుడు కాబూల్ చీకట్లో మగ్గింది. మరో మూల కరెంటు మిగిలి ఉన్నా ఇటు తెచ్చే మార్గం లేదు. దీనికి మందు తెలిసిందే: ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చే కన్వర్టర్ కేంద్రాలు. ఖరీదైనవి, కాపలా కావలసినవి. ఇంకో బలహీనత కాలానిది. చలి ముదిరినప్పుడు అందరికీ కరెంటు ఒకేసారి కావాలి. 2023 జనవరిలో ఉజ్బెకిస్థాన్ తన ఇళ్లకే చాలక అఫ్గాన్ సరఫరాను బాగా తగ్గించింది. ఒప్పందంలో ఏం రాసినా, తన ఊళ్లు గడ్డకడుతుంటే ఏ ప్రభుత్వమూ ఎగుమతి చేయదు.

కాసా-1000 పథకం ఈ కాల భేదాన్నే ఆసరా చేసుకుంది. కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్‌లలో వేసవిలో మంచు కరిగి జలవిద్యుత్ మిగులుతుంది. అదే వేసవిలో పాకిస్థాన్‌కు కొరత. 1,300 మెగావాట్లు అఫ్గాన్ నేల మీదుగా పంపి, దారిచ్చినందుకు ఆ దేశానికి రుసుము ఇవ్వాలన్నది ఏర్పాటు. 2021 ఆగస్టులో అఫ్గాన్ భాగం పని ఆగింది. 2024 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు మళ్లీ కదిలించింది, ఒక షరతుతో: నిర్మాణ చెల్లింపులు, రేపు వచ్చే ఆదాయం అన్నీ అఫ్గానిస్థాన్ బయటే నిర్వహించాలి, తాలిబాన్ ఖజానాను తాకకూడదు. గుర్తించని ప్రభుత్వం ఉన్న నేల మీద పని చేయించడానికి దొరికిన మార్గం ఇది. ఇందులో అవమానం ఉంది, కానీ టవర్లు లేస్తాయి. టవర్ లేచిన ఊరికి అందులో వాటా ఏమిటన్నది వేరే ప్రశ్న. కాపలా కాసేది ఆ ఊరే కాబట్టి అది చిన్న ప్రశ్న కాదు.

2021 తర్వాత నగదు పంపడమే ఒక సమస్య అయింది. కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 700 కోట్ల డాలర్లను అమెరికా స్తంభింపజేసింది; 2022 సెప్టెంబరులో అందులో సగాన్ని స్విట్జర్లాండ్‌లో ఒక నిధిగా పెట్టారు. 2021 డిసెంబరు 22న భద్రతా మండలి 2615వ తీర్మానం మానవతా సాయాన్ని ఆంక్షల నుంచి తప్పించింది. చట్టం దారిచ్చింది గానీ విదేశీ బ్యాంకులు ఇవ్వలేదు. దాంతో ఐక్యరాజ్యసమితి డాలర్ నోట్ల కట్టలను విమానాల్లో కాబూల్‌కు తరలించింది. 2023 జనవరి నాటికి సుమారు 180 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము ప్రైవేటు బ్యాంకులో జమై, సాయం సంస్థల ఖర్చుగా బజారుకు వచ్చి, స్థానిక కరెన్సీ అఫ్గానీ పడిపోకుండా నిలబెట్టింది. తిండి కోసం పంపిన డబ్బు ద్రవ్య విధానం పని కూడా చేసిందన్నమాట. తాలిబాన్‌కు పరోక్షంగా మేలు జరగలేదని ఎవరూ అనలేరు. పంపకపోతే ఏమయ్యేదో చెప్పడం కష్టం కాదు.

రాజకీయంగా అఫ్గాన్ వ్యవహారాలపై ఐక్యరాజ్యసమితి 2024 జూన్ 30న మొదలుపెట్టిన మూడో దోహా సమావేశానికి తాలిబాన్ వచ్చింది. అఫ్గాన్ మహిళలు ఆ బల్ల దగ్గర లేరు. దాన్నుంచి పుట్టినవి రెండు కార్యబృందాలు: మాదక ద్రవ్యాలు, ప్రైవేటు రంగం. మొదటిదానికి కారణముంది. 2022 ఏప్రిల్ నిషేధంతో నల్లమందు సాగు ఒక్క ఏడాదిలో 2,33,000 హెక్టార్ల నుంచి 10,800కు పడిపోయింది. వంద కోట్ల డాలర్లకు పైగా రైతుల ఆదాయం దాంతోపాటే పోయింది. ఇన్నేళ్లుగా ప్రాంతమంతా కోరుకున్నది జరిగింది. ప్రత్యామ్నాయ పంటకు డబ్బు పెట్టే వేళకు దాతలు వెనక్కి తగ్గుతున్నారు. 2025లోనే ఇరాన్, పాకిస్థాన్‌ల నుంచి 20 లక్షల మందికి పైగా తిరిగి వచ్చారు లేదా పంపించేయబడ్డారు.

చివరి లెక్క నీళ్లది. హెల్మండ్ నది నీళ్ల మీద అఫ్గానిస్థాన్, ఇరాన్ 1973లో చేసుకున్న ఒప్పందం ఈ ప్రాంతంలో అరుదైన కాగితం, ఎందుకంటే అందులో అంకె ఉంది. సాధారణ ఏడాదిలో ఇరాన్‌కు సెకనుకు 22 ఘనపు మీటర్లు, సద్భావంగా మరో 4. మొత్తం 26, అంటే ఏడాదికి సుమారు 82 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో 29 టీఎంసీలు. నెలవారీ పట్టిక కూడా ఉంది. కజాకీ జలాశయానికి ఎగువన దెహ్రావుద్ కొలత కేంద్రంలో ప్రవాహం తగ్గితే వాటా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 2023 మేలో ఇరాన్ అధ్యక్షుడు రైసీ హెచ్చరించి అడిగింది ఎక్కువ నీళ్లు కాదు. తమ ఇంజినీర్లను వచ్చి కొలుచుకోనివ్వమని. ఆ నెలాఖరుకే సరిహద్దులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అయినా 50 ఏళ్ల తర్వాత కూడా గొడవ ఆ అంకె చుట్టూనే తిరుగుతోందంటే, ఆ అంకె ఎంత పనికొచ్చిందో తెలుస్తుంది.

హరీరూద్ నదికి ఆ పాటి కాగితం కూడా లేదు. దాని మీద భారత్ కట్టించిన సల్మా ఆనకట్ట 2016 జూన్‌లో మొదలైంది: 42 మెగావాట్లు, 75 వేల హెక్టార్లకు సాగునీరు. హెరాత్‌కు వరమే. దిగువన ఇరాన్, తుర్క్‌మెనిస్థాన్ కలిసి కట్టుకున్న దోస్తీ జలాశయానికి, దాని మీద ఆధారపడిన మష్హద్ నగరానికి కోత. ఒక దేశానికి ఇచ్చిన స్నేహ కానుక ఇంకో దేశపు గొంతు ఎండబెట్టగలదని సాయం ప్రణాళికల్లో లెక్క వేయరు.

ఇప్పుడు అందరి చూపూ ఉత్తర సరిహద్దులోని అముదర్యా నది మీద ఉంది. 2022 మార్చిలో మొదలైన కోష్ తేపా కాలువ పొడవు 285 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 100 మీటర్లు, లక్ష్యం 5.5 లక్షల హెక్టార్లు. విదేశీ సాయం లేకుండా తాలిబాన్ తవ్విస్తున్నది. పూర్తయితే ఏడాదికి 1,000 కోట్ల ఘనపు మీటర్ల దాకా, అంటే 350 టీఎంసీలకు పైగా లాగవచ్చని అంచనా. నదిలో దాదాపు ఐదో వంతు. ఇసుక నేలలో లైనింగ్ లేకుండా తవ్విన కాలువ కాబట్టి ఇంకే నీరు ఎక్కువ. సిమెంటు లైనింగ్ వేస్తే అదే పొలానికి నదిలోంచి తక్కువ తీస్తే చాలు. ఆ లైనింగ్ ఖర్చు పెట్టుకోవడం ఉజ్బెక్ పత్తి రైతుకే లాభం. అయితే మధ్య ఆసియా దేశాలు 1992లో ఆల్మటీలో నీళ్లు పంచుకున్నప్పుడు అఫ్గానిస్థాన్‌ను పిలవలేదు, నది పంపకాల సంఘంలో దానికి ఈనాటికీ కుర్చీ లేదు. తాష్కెంట్ అధికారులు కాబూల్‌తో విడిగా మాట్లాడుకుంటున్నారు. కాలువలోకి ఎన్ని నీళ్లు వెళుతున్నాయో ఉమ్మడిగా కొలిచే కేంద్రం, దెహ్రావుద్ లాంటిది, అక్కడ ఒక్కటీ లేదు.